డ్రైవరు సీటు సుఖం మీద పడ్డ నింద

లగ్జరీ కోచ్‌ల మంచిచెడ్డలు బేరీజు వేసేటప్పుడు అందరి చూపూ వెనక్కే పోతుంది. సీటు ఎంతవరకు వాలుతుంది, పడక ఎంత పొడుగు, ఏసీ చల్లదనం చివరి వరసకు అందుతుందా అని అడుగుతారు. కేరవాన్ అయితే వంటగట్టు, బాత్‌రూమ్, టీవీ ఎలా ఉన్నాయని చూస్తారు. బండి నడిపే మనిషి ఎలా కూర్చుంటాడు, అతని కాళ్లు ఎక్కడ ఆనుతాయి, ఎనిమిది గంటల తర్వాత నడుము ఏ స్థితిలో ఉంటుంది అన్న ప్రశ్న ఆ వరసలో కనిపించదు. మరిచిపోయి వదిలేసిన ప్రశ్న కాదిది. డ్రైవరుకు సుఖం మప్పితే నిద్రపోతాడన్న గట్టి నమ్మకం దాని వెనక ఉంది. విశాఖ మల్కాపురంలో రిఫైనరీ ట్యాంకర్లు బారులు తీరే చోట, గాజువాక ఆటోనగర్ షెడ్లలో, రాత్రి బస్సులు నడిపే ట్రావెల్స్ ఆఫీసుల్లో ఈ మాట తలో రూపంలో వినబడుతుంది. సీటు గట్టిగా ఉంటేనే మెలకువగా ఉంటాడని ఒకరంటారు. చల్లగాలి తగిలితే రెప్ప వాలుతుందని ఇంకొకరు. చెయ్యి తిరిగిన డ్రైవరుకు ఏ సీటైనా ఒకటేనని మరొకరు.

యజమానులు మాత్రమే ఈ మాట అంటే, ఖర్చు తప్పించుకోవడానికి చెప్పే సాకు అని తోసిపుచ్చవచ్చు. చిక్కేమిటంటే పాతతరం డ్రైవర్లలోనూ చాలామంది దీన్నే నమ్ముతారు. ఇంజను వేడి తొడకు తగులుతూ, గేరు రాడ్డు అదురు భుజం దాకా పాకుతూ ముప్పై ఏళ్లు నడిపినవాడు, ఆ బాధే తనను మేలుకొలిపి ఇంటికి చేర్చిందని చెబుతాడు. అనుభవంలోంచి వచ్చిన మాట కనుక దానికి బరువు ఎక్కువ. అయినా ఆ నమ్మకం తప్పు. రోడ్డు మీదికి వెళ్లే ప్రతి కోచ్‌లోనూ ఆ తప్పు తన వంతు నష్టం చేస్తూనే ఉంది.

ముందు నిద్ర సంగతి తేల్చాలి. మనిషికి నిద్ర ముంచుకురావడానికి ప్రధాన కారణాలు రెండు. నిద్ర లేచి ఎన్ని గంటలయిందన్నది మొదటిది. ఒంట్లో ఉన్న గడియారం రెండోది. తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య శరీరం నిద్రకే మొగ్గుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత ఇంకో చిన్న మగత వస్తుంది. ఈ రెండిట్లో సీటు ప్రమేయం లేదు. నిద్ర ముదిరిన మనిషికి చెక్కబల్లా పరుపూ ఒకటే. పల్లెవెలుగు బస్సులో కిటికీ చువ్వకు తల ఆనించి, ప్రతి గుంతకూ తల కొట్టుకుంటున్నా గాఢంగా నిద్రపోయే ప్రయాణికులు ఇందుకు రోజువారీ సాక్ష్యం. గట్టి సీటు మెలకువ తెచ్చేదే అయితే, చెక్క క్యాబిన్లలో నవ్వారు అల్లిన సీట్ల మీద తరాల తరబడి సరుకు తోలిన లారీ డ్రైవర్లలో ఒక్కరికీ తెల్లవారుజామున కునుకు పట్టి ఉండకూడదు. జాతీయ రహదారి పక్క పొలాల్లోకి దూసుకుపోయిన లారీలను చూసిన ఊళ్లకు ఆ వాదన చెల్లదు.

మేల్కొని ఉన్న గంటలకు లెక్క ఉంది. డాసన్, రీడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చేతి నేర్పు, స్పందన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతాయన్నది దాని సారం. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే, అంటే 0.03 శాతం దగ్గరే నేరమంటుంది. ఇప్పుడు పొద్దున 6కు లేచి, పగలంతా ఇంటి పనులు చూసుకుని, సాయంత్రం 7కు గాజువాకలో హైదరాబాద్ బస్సు ఎక్కిన డ్రైవరును తీసుకుంటే, రాత్రి 11కే అతనికి 17 గంటలు నిండుతాయి. బస్సు అప్పటికి ఇంకా రాజమహేంద్రవరం పరిసరాల్లోనే ఉంటుంది. సుమారు 620 కిలోమీటర్ల దారిలో మూడో వంతు కూడా గడిచి ఉండదు. బ్రెత్ ఎనలైజర్ ఊదిస్తే అతను నిర్దోషి. ఆ సమయంలో అతని కింద ఉన్నది మెత్తటి సీటా, బల్లా అని వాదులాడుకోవడం అసలు విషయం పక్కన పెట్టడమే.

మరి బాధే తనను మేలుకొలిపిందన్న పాత డ్రైవరు మాట అబద్ధమా? అబద్ధం కాదు, సగం నిజం. నొప్పి కొంతసేపు మగతను కప్పి ఉంచుతుంది, తీసెయ్యదు. కప్పి ఉన్న మగత రెండు మూడు క్షణాల కునుకుగా బయటపడుతుంది. కళ్లు తెరిచే ఉన్నా చూపు పనిచెయ్యని క్షణాలవి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు మూడు సెకన్లలో 66 మీటర్లు దాటుతుంది. పైగా నొప్పి దృష్టిని తనవైపు లాక్కుంటుంది. నడుము సర్దుకోవడానికి, తిమ్మిరెక్కిన కాలు కదపడానికి, తొడ కింద తువ్వాలు జరపడానికి పోయే ఒక్కో క్షణమూ అద్దంలోంచి, రోడ్డు మీంచి తీసుకున్నదే.

నమ్మకంలో నిజం ఉన్న చోటును దాటవెయ్యకూడదు. కొత్త కోచ్‌లో ఇంజను చప్పుడు వెనక్కి పోయింది, గేర్లు వాటంతటవే పడతాయి, నాలుగు వరసల 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటల తరబడి స్టీరింగు కదపాల్సిన పని ఉండదు. పని తగ్గిన కొద్దీ చురుకుదనం తగ్గడం నిజమే. అయితే ఇది దారి మార్పులేనితనం వల్ల వచ్చిన సమస్య. నడుముకు నొప్పి పెట్టడం దానికి మందు కాదు. రైల్వేలు ఇదే సమస్యను ఎదుర్కొని వేరే దారి పట్టాయి. లోకో పైలట్ కాసేపు ఏ మీటా కదపకపోతే హెచ్చరించి, స్పందన లేకపోతే బ్రేకు వేసే పరికరం ఇంజన్లలో ఉంది. పని గంటలకు లెక్కలున్నాయి. కొత్తవలస–కిరండూల్ దారిలో ఖనిజం లాగే రైలు ఇంజనులో సీటు బదులు బల్ల వెయ్యమని ఎవరూ అడగలేదు.

రోడ్డుకూ చట్టం ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని నిర్దేశించింది. దూర ప్రయాణాలకు 10 గంటలు, 54 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండాలనీ చెప్పింది. ఈ చట్టం 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. నిద్రకు మందు ఈ గంటల్లో ఉంది. ఆ మందు వెయ్యడం ఖరీదు కనుక, వెయ్యకపోవడానికి సీటు మీద నేరం మోపుతున్నారు. రాత్రి బస్సుల్లో రెండో డ్రైవరు ఎక్కడ పడుకుంటాడో చూస్తే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. ప్రయాణికుల పెట్టెల కోసం కట్టిన డిక్కీలోనే ఒక మూల అతనికి పక్క పరిచే అలవాటు ఉంది. గాలి ఆడని ఆ గూట్లో, చక్రాల హోరుకు పక్కనే నాలుగు గంటలు దొర్లి, తెల్లవారుజామున స్టీరింగు అందుకునే మనిషికి మగత వస్తే, సీటు మెత్తగా ఉండబట్టేనని తీర్పు చెబుతారు.

సుఖం అంటే మెత్తదనం అనుకోవడం రెండో పొరపాటు. ఈ పొరపాటు యజమానులది మాత్రమే కాదు, మంచి సీటు వేయిద్దామనుకునే వాళ్లదీ. ఆటోనగర్ షెడ్డులో సుఖం కోరితే స్పాంజి మందం పెంచుతారు, రెక్సిన్ మార్చి పైన బొచ్చు కవరు తొడుగుతారు. కూర్చోగానే హాయిగా ఉంటుంది. యాభై కిలోమీటర్లు పోయేసరికి అసలు రంగు బయటపడుతుంది. కూర్చున్న మనిషి మొండెం నిలువు కుదుపులకు ఒకే రీతిన స్పందించదు. సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్ల మధ్య వచ్చే అదురుకు వెన్ను, కడుపు లోపలి భాగాలు ఎక్కువగా ఊగుతాయి. మామూలు స్పాంజి సీటు సొంత ఊపు సెకనుకు 4 సార్ల దగ్గర ఉంటుంది. అంటే వెన్నుకు చెడు చేసే అదురునే సీటు మరింత పెద్దది చేసి అందిస్తుంది. గాలితో పనిచేసే సస్పెన్షన్ సీటు ఊపు సెకనుకు 2 సార్లకు లోపే ఉంటుంది కనుక అంతకు పైన వచ్చే అదురును మింగేస్తుంది. చేత్తో నొక్కి చూస్తే ఆ సీటు గట్టిగానే ఉంటుంది. మెత్తదనానికీ మేలుకూ ఇక్కడే పొత్తు కుదరదు.

ఈ అదురును కొలిచే పద్ధతి ఐఎస్ఓ 2631 ప్రమాణంలో ఉంది. యూరోపియన్ యూనియన్ 2002లో కార్మికుల కోసం దానికి హద్దులు కట్టింది. ఎనిమిది గంటల పనికి లెక్కగట్టిన త్వరణం సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి. 1.15 మీటర్లు దాటనివ్వకూడదు. మన కోచ్‌ల ప్రకటనల్లో పడక పొడుగు అంగుళాలతో సహా ఉంటుంది కానీ, డ్రైవరు సీటు దగ్గర ఈ అంకె ఎంతో ఏ కాగితంలోనూ కనపడదు.

అదురు ఒకటైతే, వంపు ఇంకొకటి. స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో బతికున్న మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కుల్లోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి నిలబడినప్పటి కన్నా ఎక్కువని తేలింది. ముందుకు వంగితే ఇంకా పెరుగుతుంది. వీపు కాస్త వెనక్కి వాలి, నడుము పల్లానికి ఆసరా దొరికితే తగ్గుతుంది. కూర్చోవడం విశ్రాంతి అనుకునే వాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. స్టీరింగు మీదికి వంగి 350 కిలోమీటర్లు, అంటే విశాఖ నుంచి విజయవాడ దాకా నడిపిన మనిషి నడుము బరువులు మోసిన మనిషి నడుములాగే అలిసి ఉంటుంది.

ఇక కోచ్‌లను పక్కపక్కన పెట్టి చూడాలి. మన రోడ్ల మీద లగ్జరీ పేరుతో తిరిగే వాటిలో పెద్ద తేడా ఇంజను ఎక్కడుందన్నదే. అశోక్ లేలాండ్ వైకింగ్, భారత్‌బెంజ్ 1624 వంటి ఛాసిస్‌ల మీద కట్టిన బస్సుల్లో, స్లీపర్లలో ఇంజను ముందే, డ్రైవరుకు ఎడమ పక్కనే ఉంటుంది. దాని మీద మూపురంలా లేచిన బానెట్ డ్రైవరు చోటును పక్కనుంచి తినేస్తుంది. ఎడమ కాలు క్లచ్ మీద ఉన్నంతసేపే దానికి చోటు ఉంటుంది. తీసి పక్కన పెట్టుకోవడానికి ఇరుకే. మూత ఎంత దళసరిగా కప్పినా వేసవిలో ఆ వేడి తొడకు తగలక మానదు. ఉప్పుగాలి తేమ ఎప్పుడూ ఉండే విశాఖలో చెమట ఆరదు కనుక ఆ వేడి రెట్టింపు బాధ. వెనక 36 మంది కంబళ్లు కప్పుకుని పడుకున్న ఏసీ స్లీపర్‌లో, తెర ఇవతల డ్రైవరు మెడకు తడిగుడ్డ చుట్టుకుని నడపడం అరుదైన దృశ్యం కాదు.

2001లో వోల్వో బీ7ఆర్ రాకతో ఇంజను వెనక్కి పోయింది. ఆర్టీసీ గరుడ సర్వీసులతో తెలుగు ప్రయాణికులకు ఈ తరహా బస్సు పరిచయమైంది. కుదుపు తగ్గిందని, ఏసీ బాగుందని వాళ్లు మెచ్చుకున్నారు. అసలు విప్లవం మాత్రం వాళ్లకు కనపడని చోట జరిగింది. బానెట్ పోయి డ్రైవరు ఎడమ వైపు ఖాళీ అయింది. సీటు కింద గాలి సస్పెన్షన్ వచ్చింది. స్టీరింగును ఎత్తుకూ వాలుకూ తగ్గట్టు సర్దుకునే వీలు కలిగింది. బండి వేగాన్ని అణిచే రిటార్డర్ ఉండటంతో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ మీద కాలు బిగబట్టి కూర్చోవలసిన శ్రమ తగ్గింది. తర్వాత 2013లో వచ్చిన స్కానియా మెట్రోలింక్, వోల్వో తరవాతి బండ్లు ఇదే దారిలో నడిచాయి. గేర్లు వాటంతటవే మారే పెట్టె వచ్చిన చోట ఎడమ కాలికి పూర్తిగా సెలవు దొరికింది. ఇంత సౌఖ్యం వచ్చాక డ్రైవర్లు మూకుమ్మడిగా నిద్రపోయి ఉండాలి కదా! పాత అభిప్రాయం పట్టుకుని కూర్చున్నవాళ్లు ఇక్కడ జవాబు చెప్పరు. పైగా పెద్ద ట్రావెల్స్ అన్నీ తమ దూరపు సర్వీసులకు ఏరికోరి ఈ బండ్లే కొన్నాయి.

అలాగని వెనక ఇంజను కోచ్‌లో డ్రైవరు స్థానం నిర్దోషమైనది కాదు. ప్రయాణికుల అంతస్తు ఎత్తుగా ఉండి, డ్రైవరు మాత్రం కింద, ముక్కు భాగంలో కూర్చుంటాడు. చూపు రోడ్డుకు దగ్గరవుతుంది, పక్కనుంచి వచ్చే బైకు తేలిగ్గా కనపడుతుంది. ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే మొదట నలిగేది మాత్రం అతనే. ఇంకో లోపం ఉంది. బస్సులో కుదుపు అంతటా ఒకటి కాదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ కూర్చున్నవాళ్లకు అది తక్కువ. ఇరుసులు దాటి ముందుకో వెనక్కో పోయినకొద్దీ ఎక్కువ. డ్రైవరు కూర్చునేది ముందు ఇరుసుకు ఇవతల, కొస భాగంలో. కనుక ‘బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉంది, ఇంక డ్రైవరుకు వేరే ఎందుకు’ అనే వాదన నిలవదు. ఒకే గుంత మధ్య వరసలో నిద్రపోతున్న మనిషిని కొద్దిగా ఊపితే, డ్రైవరును ఎత్తి కుదేస్తుంది. మంచి సీటు అవసరం ఆ బస్సులో అందరికన్నా అతనికే ఎక్కువ. పోర్టు సరుకు లారీలు నలగ్గొట్టిన మల్కాపురం, సింధియా రోడ్లలో నడిపేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

ట్యాంకర్ల మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కాల్టెక్స్ పేరుతో 1957లో మొదలై, తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చిన రిఫైనరీ వల్లే మల్కాపురంలో ట్యాంకర్ డ్రైవరు ఉద్యోగం ఒక కులవృత్తిలా స్థిరపడింది. ట్యాంకరులో డ్రైవరు ముందు ఇరుసు నెత్తి మీదే కూర్చుంటాడు. కింద కమాను కట్టలు. లోడుతో ఉన్నప్పుడు కాస్త నయం, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎముకలు కదిలిపోతాయి. వెనక పెట్రోలు పెట్టుకుని నడిపే మనిషి చురుకుదనం కోసం ఇంత జాగ్రత్త అవసరమని ఒప్పుకునేవాళ్లే, అతని సీటు దగ్గరకొచ్చేసరికి గట్టిగా ఉంటేనే మంచిదంటారు.

కేరవాన్ల దగ్గర వైరుధ్యం పరాకాష్ఠకు చేరుతుంది. సినిమా తారల కోసం, నాయకుల యాత్రల కోసం మన దేశంలో కట్టే ఇళ్లబండ్లు చాలావరకు బస్సు ఛాసిస్‌ల మీదే లేస్తాయి. వెనక గదిలో తోలు సోఫా, చెక్క పనితనం, విడి ఏసీ ఉంటాయి. మధ్యలో అడ్డుగోడ. గోడకు ఇవతల డ్రైవరు భాగం ఛాసిస్‌తో వచ్చినది వచ్చినట్టే మిగులుతుంది. బండిలో అన్నిటికన్నా పెద్ద అద్దం వెనక, పగటి ఎండంతా అతని మీదే పడుతుంది. అడ్డుగోడ వల్ల వెనక చల్లదనం అతనికి చేరదు. అరకు, లంబసింగి వైపు పర్యాటక కేరవాన్ల మాట ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకూ స్టీరింగు తిప్పవలసిన మనిషి భుజాలు ఆ చర్చలో ఎవరికీ గుర్తురావు.

అమెరికాలో ఇది తలకిందులుగా ఉంటుంది. కెనడాలోని క్యుబెక్‌లో 1924లో మొదలై ఇప్పుడు వోల్వో గ్రూపులో ఉన్న ప్రెవోస్ట్ ఛాసిస్‌ల మీద కట్టే, లేదా ఓక్లహోమాలోని న్యూవెల్, టెక్సాస్‌లోని ఫోర్‌ట్రావెల్ కర్మాగారాల్లో తయారయ్యే పెద్ద మోటార్‌హోమ్‌లను కొనేవాళ్లు డ్రైవరు సీటు గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు. స్టీరింగు ఎంత వాలుతుంది, మోకాలికి డ్యాష్‌బోర్డు తగులుతుందా, పక్క అద్దం తల తిప్పకుండా కనపడుతుందా అని ఆరా తీస్తారు. కొన్ని బండ్లలో పెడళ్లను సైతం ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. పొట్టివాళ్లు సీటు ముందుకు లాక్కుని ఛాతీని స్టీరింగుకు ఆనించుకునే అవస్థ దాంతో తప్పుతుంది. ముందు ఇంజను బండికీ వెనక డీజిల్ ఇంజను బండికీ ధరలో ఉన్న పెద్ద తేడాను చాలామంది డ్రైవరు దగ్గర నిశ్శబ్దం కోసమే భరిస్తారు. ఆ దేశస్థుల నడుములు ప్రత్యేకమైనవని కాదు. అక్కడ కొన్నవాడే నడుపుతాడు, అంతే. సుఖం ఎప్పుడూ డబ్బు కట్టినవాడి సీటు కిందికే చేరుతుంది. వాడు ముందు కూర్చుంటే ముందుకు, వెనక కూర్చుంటే వెనక్కి. కోటి రూపాయలు దాటిన మోటార్‌హోమ్ కొనుక్కున్న అమెరికన్ పెద్దాయనకు ‘సుఖమైన సీటు వద్దండీ, నిద్రపోతారు’ అని చెప్పే అమ్మకందారు ఎక్కడా ఉండడు. ఈ హెచ్చరిక జీతగాడి కోసమే పుట్టింది.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఇళ్లబండి ఎన్టీ రామారావు చైతన్యరథం. 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరి ఎన్నికల దాకా ఆయన రాష్ట్రమంతా తిరిగిన ఆ షెవర్లే వ్యానులోనే ప్రయాణం, అందులోనే విశ్రాంతి, దాని పైకప్పు మీంచే ప్రసంగం. దాన్ని నడిపింది ఆయన కొడుకు నందమూరి హరికృష్ణ. రథసారథి అన్న పేరు ఆయనకు స్థిరపడింది. సారథికి ఇంత గౌరవం ఇచ్చిన ఆ కథలోనూ, పైకప్పు వేదిక గురించి చెప్పుకున్నంతగా సారథి సీటు గురించి ఎవరూ చెప్పుకోలేదు.

మన అలక్ష్యానికి పరిశ్రమ చరిత్ర కూడా తోడ్పడింది. దశాబ్దాల పాటు ఇక్కడ లారీ, బస్సు అంటే కంపెనీ అమ్మేది ఛాసిస్ మాత్రమే. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు ఒక రేకు ముఖం. పైన కప్పు ఉండదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని ఎండలో వానలో వందల కిలోమీటర్లు వరసగా ఛాసిస్‌లు తోలుకొచ్చే డ్రైవర్లను జాతీయ రహదారి మీద చూడనివాళ్లు తక్కువ. ఆ తర్వాత బాడీ కట్టే షెడ్డులో డ్రైవరు సీటు చిట్టచివరి పనిగా మిగిలేది. పెడళ్లూ స్టీరింగూ కంపెనీ పెట్టిన చోట, సీటు మేస్త్రీకి వీలైన చోట. రెండిటికీ పొత్తు కుదిరిందా లేదా అని చూసే బాధ్యత ఎవరిదీ కాదు. బస్సు బాడీ నిర్మాణానికి ఏఐఎస్ 052 నియమావళి వచ్చాక కొంత క్రమం ఏర్పడింది. అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

చెయ్యి తిరిగిన డ్రైవరుకు ఏ సీటైనా ఒకటే అన్న మూడో వాదనకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది. నైపుణ్యం బండిని లొంగదీస్తుంది, వెన్నుపూసను కాదు. అనుభవజ్ఞుడు చేసేదల్లా చెడ్డ సీటుకు తన ఒంటిని వంచుకోవడం. ఒక భుజం పైకెత్తి, ఒక తుంటి మీద బరువేసి, సీటు అంచున కూర్చుని నడపడం నేర్చుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వంపు ఇంటికి కూడా వెంట వస్తుంది. అంతేకాదు, ట్రావెల్స్ బస్సుకు ఒక్కడే డ్రైవరు ఉండడు. నిన్న ఆరడుగుల మనిషి నడిపిన సీట్లో ఈ రాత్రి ఐదడుగుల నాలుగు అంగుళాల మనిషి కూర్చుంటాడు. సీటు జరిపే మీట తుప్పు పట్టో విరిగో ఉంటే నిన్నటి మనిషి కొలతే ఈ రోజు మనిషికి శిక్ష. ప్రయాణికుడి సీటు వాలకపోతే ఫిర్యాదు వస్తుంది, మర్నాటికల్లా బాగవుతుంది. డ్రైవరు సీటు మీట సంగతి ఏ ఫిర్యాదులోకీ ఎక్కదు కనుక నెలల తరబడి అలాగే ఉంటుంది. కొత్తలో గాలి సీటుతో వచ్చిన కోచ్‌లోనూ, గొట్టం కారి సీటు అడుగంటితే దాన్ని బాగుచెయ్యకుండా కింద చెక్కముక్క పెట్టి బిగించే వాళ్లున్నారు. ఆ తర్వాత ఆ సీటు పనికిరాదని తేల్చేదీ వాళ్లే.

ఖర్చు వాదన మిగిలింది. వెనక ఇంజను బహుళ ఇరుసుల కోచ్ ధర కోటి రూపాయలు దాటిన కాలంలో డ్రైవరు సీటు ఖరీదు అందులో చిల్లర. ముందు ఇంజను బస్సులోనూ అది పైకప్పు రంగుదీపాలకూ, స్టిక్కర్లకూ పెట్టే ఖర్చు ముందు పెద్దది కాదు. లారీల విషయంలో కేంద్రం ఈ వాదనను పక్కకు నెట్టింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్య, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అంటూ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఏసీ వస్తే నిద్రపోతారన్న భయం అప్పుడూ వినిపించింది. వేడిలో మనిషి చురుకుదనం పెరగదు, తగ్గుతుంది. నీరు ఇంకిన ఒంటికి తలనొప్పి, చిరాకు, ఆపైన మగత వస్తాయి. మే నెల మధ్యాహ్నం రేకు క్యాబినులో కూర్చున్నవాడికి ఇది ఉపన్యాసం చెప్పి ఒప్పించవలసిన సంగతి కాదు. అయితే ఆ నియమం కొత్త బండ్లకే. ఇప్పుడు మల్కాపురం రోడ్డు మీద తిరుగుతున్న పాత ట్యాంకర్లకు అది వర్తించదు. పైగా ఏసీ గాలి సరిపోతుందన్న కొత్త తృప్తి సీటును మళ్లీ మరుగున పడేసే ప్రమాదం ఉంది.

కోచ్‌లను డ్రైవరు వైపు నుంచి పోల్చడం కష్టమైన విద్య కాదు. పొట్టి మనిషినీ పొడుగు మనిషినీ ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టాలి. వీపు పూర్తిగా ఆనిన స్థితిలోనే ఇద్దరి కాళ్లూ పెడళ్లను చివరంటా తొక్కగలగాలి. మోచేతులు కాస్త వంగి ఉండగానే స్టీరింగు పైఅంచు అందాలి. గాలి సీటు అయితే బరువు సర్దే మీట పనిచేస్తుందో లేదో చూడాలి. 60 కిలోల మనిషికి సరిపడేలా వదిలేసిన సీటు 90 కిలోల మనిషిని ప్రతి గుంతకూ అడుగుకు కొడుతుంది. ఎడమ కాలికి క్లచ్ కాక ఇంకో చోటు ఉందా, ఇంజను మూత పక్క వేడి ఎంత, పక్క అద్దాలు మెడ తిప్పకుండా కనపడతాయా అని చూడాలి. రాత్రి వెనక దీపాల వెలుగు ముందు అద్దంలో పడి దారిని కప్పుతోందా అన్నది తప్పక చూడవలసినది. స్లీపర్ బస్సుల్లో నీలిరంగు దీపాల మోజు పెరిగాక ఇది పెద్ద బెడద అయింది. ఈ పరీక్ష షోరూమ్ ముందు నునుపు నేల మీద చేస్తే లాభం లేదు. మల్కాపురం నుంచి సింధియా జంక్షన్ దాటి గాజువాక దాకా, స్పీడ్ బ్రేకర్లూ గతుకులూ కలిసొచ్చే దారిలో లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి నడపాలి. దూరపు సర్వీసు కోసం కొనే కోచ్ అయితే ఇంకొకటి కూడా చూడాలి. రెండో డ్రైవరు పడక డిక్కీలో ఉందా, గాలీ వెలుతురూ తగిలే ప్రయాణికుల అంతస్తులో ఉందా, దానికి లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఉందా అన్నది.